ఎడారి దేశంలో దినచర్య

మానుకోటకు (మహబూబాబాద్‌కు) చేరువలోని నెల్లికుదురు మండలంలో పత్తి, మిర్చి, వరి పండించే కుటుంబాలకు ఎండ కొత్త కాదు, అప్పు కొత్త కాదు, పని వెతుక్కుంటూ ఊరు దాటడమూ కొత్త కాదు. తెలంగాణ పల్లె బతుకుదెరువును బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అనే మూడు మాటల్లో చెప్పే నానుడిలో చివరిది 1973 తర్వాత చమురు ధరలు పెరిగి అరబ్బు దేశాల్లో నిర్మాణాలు ఊపందుకున్నాక వచ్చి చేరింది. సౌదీ అరేబియా, యూఏఈ, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్ అనే ఆరు దేశాలను ఊళ్లో నేటికీ కలిపి ‘దుబాయి’ అనే పిలుస్తారు. ఈ వలసకు పేరుపడ్డ జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల్లో పోయివచ్చినవారు ప్రతి వాడలోనూ కనిపిస్తారు కనుక కొత్తగా బయలుదేరే యువకుడికి వీసా సంగతి నుంచి వంట సంగతి దాకా ముందే చెవిన పడుతుంది. నెల్లికుదురు వంటి చోట్ల ఆ అనుభవం అంత దట్టంగా పోగుపడలేదు. కనుక అక్కడి రోజు ఎలా గడుస్తుందో, దాన్ని ఎలా నడుపుకోవాలో వివరంగా చెప్పుకోవలసిన అవసరం ఇక్కడివారికే ఎక్కువ.

గల్ఫ్ ఒప్పందం సాధారణంగా రెండేళ్లది. ‘రెండేళ్లే కదా, ఎట్లనన్న గడుపుదాం’ అనే మాట ధైర్యంగా వినిపించినా, కార్మికుడి ఆరోగ్యానికీ సంపాదనకూ దానంత చేటు చేసేది మరొకటి లేదు. ఆ మాట నమ్మినవాడు నిద్ర తగ్గించుకొని ఓవర్‌టైం చేస్తాడు, ఒక పూట అన్నం మానేసి టీ తాగి సరిపెట్టుకుంటాడు, పంటి నొప్పిని, నడుము నొప్పిని ఇంటికి వెళ్లాక చూపించుకుందామని వాయిదా వేస్తాడు, పక్క మంచం మనిషితో పరిచయం కూడా పెంచుకోడు. రెండేళ్లు నాలుగేళ్లవుతాయి, నాలుగు ఎనిమిదవుతాయి, వాయిదా మాత్రం అలాగే నిలిచి ఉంటుంది. పరదేశంలో గడిపే కాలం తాత్కాలికమే అయినా ఆ రోజులు శరీరంలో, కుటుంబంలో, లెక్కల పుస్తకంలో పూర్తి రోజులుగానే నమోదవుతాయి. అందువల్ల అక్కడి దినచర్యను సొంత ఊరి దినచర్య కంటే ఎక్కువ శ్రద్ధతో కట్టుకోవలసి ఉంటుంది.

ఎండ

నెల్లికుదురులో మే నెల ఎండ ఎంత తీవ్రమైనదైనా పొడి ఎండ. చెమట పట్టిన వెంటనే ఆరుతుంది, ఆరేటప్పుడు ఒంటి వేడిని తీసుకుపోతుంది. ఇంట్లో కూలర్ చల్లగా పనిచేసేదీ ఈ సూత్రం మీదే. గల్ఫ్ దేశాల లోతట్టు ఎడారిలో ఎండ ఇలాగే పొడిగా, ఇంకా తీవ్రంగా ఉంటుంది. కువైట్‌లోని మిత్రిబా కేంద్రంలో 2016 జూలై 21న 53.9 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. కానీ దుబాయ్, దోహా, దమ్మామ్ వంటి తీర నగరాల్లో జూలై, ఆగస్టు నెలల్లో సముద్రపు తేమ గాలిలో నిండిపోవడం వల్ల చెమట ఆరకుండా కారిపోతుంది. థర్మామీటరు 40 డిగ్రీలే చూపినా శరీరం లోపలి వేడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. మిర్చి తోటలో మిట్టమధ్యాహ్నం పనిచేసిన అలవాటు ఉన్నవాడు సైతం ఈ తేమ ఎండలో మొదటి వారంలోనే పడిపోవడానికి కారణం ఇదే, అందులో చేతకానితనం ఏమీ లేదు. ఉష్ణోగ్రత, తేమ, గాలి, ఎండ పొడ అనే నాలుగింటినీ కలిపి లెక్కగట్టే ప్రమాణాన్ని వెట్ బల్బ్ గ్లోబ్ ఉష్ణోగ్రత అంటారు; ఖతర్‌లో ఇది 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళలోనైనా ఆరుబయటి పని ఆపివేయాలని 2021లో నిబంధన వచ్చింది.

ఎండకు శరీరం అలవాటుపడటానికి సుమారు ఒకటి నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ వ్యవధిలో చెమట త్వరగా పట్టడం, దానిలో ఉప్పు తగ్గడం, గుండె వేగం కుదుటపడటం అనే మార్పులు జరుగుతాయి. ఎండ దెబ్బ మరణాల్లో పెద్ద భాగం పనిలో చేరిన తొలి రోజుల్లోనే సంభవిస్తుంది కనుకనే, కొత్తవారికి మొదటి రోజు పూర్తి పనిలో ఐదో వంతు మాత్రమే ఇచ్చి, రోజుకు మరో ఐదో వంతు చొప్పున పెంచాలని వృత్తి ఆరోగ్య నిపుణులు సూచిస్తారు. ఏ ఫోర్‌మన్ అయినా ఇంత వెసులుబాటు ఇస్తాడని ఆశించలేకపోయినా, తొలి వారంలో ఓవర్‌టైంకు ఒప్పుకోకుండా ఉండటం, నీడ ఉన్న పని అడగడం కార్మికుడి చేతిలోనే ఉంటాయి. ఈ అలవాటు శాశ్వతం కాదన్నది చాలామంది గమనించని విషయం. రెండు నెలల సెలవుకు ఊరికి వచ్చి మళ్లీ జూన్‌లో డ్యూటీ ఎక్కినవాడు ఎన్నేళ్ల పాతకాపైనా ఎండ విషయంలో కొత్తవాడే అవుతాడు.

దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకో, ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు నీళ్లు తాగాలి. గంటలో లీటరున్నర మించితే ఒంట్లో ఉప్పు పలచబడే ప్రమాదం ఉంది. చెమటలో ఉప్పూ పోతుంది కనుక వట్టి నీళ్లు చాలవు. ఓఆర్ఎస్ పొట్లం దొరకనప్పుడు లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపుకొంటే సరిపోతుంది. గల్ఫ్ దుకాణాల్లో ‘లబన్’ పేరుతో దొరికేది మన మజ్జిగ వంటిదే; చిటికెడు ఉప్పు వేసుకుంటే అన్ని రకాల ఎనర్జీ డ్రింకుల కంటే మేలు చేస్తుంది. మూత్రం ముదురు పసుపు రంగులో ఉందంటే నీరు చాలడం లేదని అర్థం. ఒంట్లో నీరు తగ్గిన స్థితిలో ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు రోజూ మింగడం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఈ ఒక్క అలవాటును మానుకోవడం, ఈ అధ్యాయంలోని మరే సలహానూ పాటించకపోయినా, విడవకుండా పాటించదగినది.

వేసవిలో మధ్యాహ్నం ఆరుబయట పనిచేయించరాదన్న నిషేధం ఆరు దేశాల్లోనూ ఉంది, వేళలు వేరు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు పన్నెండున్నర నుంచి మూడు గంటల దాకా, సౌదీలో అవే తేదీల్లో పన్నెండు నుంచి మూడు దాకా, కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు వరకు పదకొండు నుంచి నాలుగు దాకా, ఖతర్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు పది నుంచి మూడున్నర దాకా పని ఆగాలి. ఆ విరామంలో ఫోన్ చూస్తూ కూర్చునేవాడికీ, బూట్లు విప్పి, ముఖం, మెడ తడుపుకొని, కాసేపు కన్ను మూసేవాడికీ సాయంత్రం ఒంట్లో ఉండే సత్తువ వేరు. తోటివాడు చెమట ఆగిపోయి, మాట తడబడి, తికమకగా ప్రవర్తిస్తే అది వడదెబ్బ. కొందరిలో చెమట పడుతూనే మతి తప్పుతుంది. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లు పోసి, గాలి తగిలేలా చూస్తూ అంబులెన్సును పిలవాలి. యూఏఈలో 998, సౌదీలో 997, కువైట్‌లో 112, ఖతర్‌లో 999 ఆ నంబర్లు.

తిండి, నిద్ర, గది

కార్మికుల వసతి గృహాన్ని లేబర్ క్యాంపు అంటారు. ఒక గదిలో ఆరుగురు, ఎనిమిది మంది, ఒకదానిపై ఒకటిగా మంచాలు, గది మొత్తానికి ఒక ఏసీ అన్నది సాధారణంగా కనిపించే ఏర్పాటు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, బస్సెక్కి, పని ముగించుకొని రాత్రి ఏడింటికి చేరుకునే మనిషికి వంట భారమే. అందుకే నలుగురైదుగురు కలిసి సరుకులు తెచ్చుకొని వంతులవారీగా వండుకునే మెస్ పద్ధతి ఏర్పడింది. ఖర్చు తగ్గడం దీని మొదటి లాభమైతే, ఒంటరిగా తినే అలవాటు పడకపోవడం అంతకంటే పెద్ద లాభం. తెల్లవారుజామున వండి డబ్బాలో కుక్కిన అన్నం, పప్పు ఎండలో మధ్యాహ్నానికి పాడవుతాయి. ఆ పూటకు ఖుబ్బూస్ అనే అరబ్బీ రొట్టె, నీరు లేకుండా వేయించిన కూర తీసుకెళ్లి, అన్నం రాత్రికి ఉంచుకోవడం తెలివైన పని. భారతీయ దుకాణాల్లో జొన్నపిండి దొరుకుతుంది. వారంలో రెండు రోజులైనా గట్క, రొట్టె తినగలిగితే కడుపుకూ మనసుకూ నెమ్మది.

ఊరి నుంచి కట్టించుకుపోయే మూటలో ఏముందో చూసుకోవడం తప్పనిసరి. కోడికూర మసాలాలో వేసే గసగసాలు యూఏఈలోనూ సౌదీలోనూ మాదకద్రవ్యాల జాబితా కిందికి వస్తాయి; తల్లి ప్రేమతో పెట్టిన మసాలా పొడి విమానాశ్రయంలో కొడుకును నేరస్థుడిగా నిలబెట్టగలదు. ట్రమడాల్, కోడీన్ ఉన్న మందులకూ ఇదే వర్తిస్తుంది. వైద్యుడి చీటీతో పాటు ఆ దేశపు ముందస్తు అనుమతి కూడా ఉండాలి. ఇతరులు ఇచ్చిన పొట్లాన్ని, ఎంత దగ్గరివారిదైనా, విప్పి చూడకుండా మోసుకుపోకూడదు.

కల్లు సంగతి విడిగా చెప్పవలసిందే, ఎందుకంటే దీన్ని గురించి ఏ ఏజెంటూ మాట్లాడడు. కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డైజిపాం వంటి మత్తుమందులు కలుస్తాయి. రోజూ తాగినవాడికి అవి హఠాత్తుగా అందకపోతే కొద్ది రోజుల్లోనే నిద్ర పట్టకపోవడం, వణుకు, భ్రమలు, కొన్నిసార్లు మూర్ఛ వస్తాయి. సౌదీ, కువైట్ దేశాల్లో మద్యం నిషేధం. అక్కడ దిగిన మొదటి వారంలో ఇలా ప్రవర్తించినవాడిని రోగిగా కాక పిచ్చివాడిగా, నేరస్థుడిగా చూసే ప్రమాదం ఉంది. ప్రయాణానికి కనీసం రెండు నెలల ముందు ప్రభుత్వ ఆసుపత్రిలోని మానసిక వైద్యుడి సలహాతో క్రమంగా మానడం ఇందుకు మార్గం. సిగ్గుపడవలసినది ఇందులో ఏమీ లేదు.

నిద్ర ఏడు గంటలకు తగ్గకూడదు. పగలంతా వేడిలో పనిచేసిన శరీరం చల్లబడేది, గుండె సేదతీరేది రాత్రి పూటే. ఏసీ జాలీలో ఇసుక దుమ్ము పేరుకుంటే దగ్గు, ఆయాసం వస్తాయి కనుక పదిహేను రోజులకోసారి కడగడాన్ని కూడా గదిలో వంతు పనిగా పెట్టుకోవాలి. వాయవ్యం నుంచి వీచే ‘షమాల్’ గాలులు దుమ్ము తుపానులను మోసుకొస్తాయి. అప్పుడు తడి రుమాలు ముక్కుకు కట్టుకోవాలి. ఎడారి అనగానే ఎండే గుర్తుకొస్తుంది గానీ కువైట్, రియాద్‌లలో జనవరి రాత్రులు ఒక్కోసారి గడ్డకట్టే చలి దాకా పోతాయి. పెట్టెలో ఒక స్వెటర్ ఉండాలి. గదిలో చేరిన రోజే బయటికి పోయే దారులు ఎన్ని, తలుపులకు బయటి నుంచి తాళాలు వేస్తారా, ఒకే ప్లగ్గుకు ఎన్ని తీగలు తగిలించారు అన్నవి చూసుకోవాలి. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులుండే భవనం అంటుకొని నలభై మందికి పైగా భారతీయులు చనిపోయారు, ఆంధ్రప్రదేశ్ వారు కూడా అందులో ఉన్నారు. తెల్లవారుజామున నిద్రలో ఉన్నవారికి పొగలో దారి దొరకలేదు.

రంజాన్ నెలలో పగటిపూట నలుగురి ముందు తినడం, తాగడం, పొగ తాగడం కూడదు. యూఏఈలో ఆ నెల కార్మికులందరికీ పనివేళ రోజుకు రెండు గంటలు తగ్గుతుంది. సౌదీలో ముస్లిం కార్మికులకు రోజుకు ఆరు గంటలే పని. ఉపవాసం లేనివారు నీళ్లు మానేయనక్కర్లేదు, చాటుగా తాగితే చాలు.

కాగితాలు

పదో తరగతి ఉత్తీర్ణులు కానివారి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ గుర్తు ఉంటుంది. అంటే పద్దెనిమిది నిర్దిష్ట దేశాల్లో పనికి వెళ్లాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి కావాలి, ఆరు గల్ఫ్ దేశాలూ ఆ జాబితాలో ఉన్నాయి. ఈ అనుమతిని అడ్డంకిగా భావించి విజిట్ వీసా మీద ఎక్కిపోయేవాడు ఒప్పందం, బీమా, ఫిర్యాదు చేసే హక్కు మూడింటినీ విమానాశ్రయంలోనే వదిలిపోతాడు. అనుమతితో పాటు తీసుకునే ప్రవాసీ భారతీయ బీమా యోజన రెండేళ్లకు 275 రూపాయలు, పన్ను అదనం. ప్రమాద మరణానికి, శాశ్వత అంగవైకల్యానికి పది లక్షల పరిహారం ఇస్తుంది. ఆ పాలసీ నంబరు ఊళ్లో భార్య దగ్గరో తండ్రి దగ్గరో లేకపోతే అది ఉన్నా లేనట్టే. ఏజెంటు లైసెన్సు నిజమైనదా కాదా అన్నది ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా విదేశీ ఉద్యోగాలకు మనుషులను ఎంపిక చేస్తుంది.

అక్కడ దిగాక చేతికి వచ్చే నివాస గుర్తింపు కార్డును సౌదీలో అకామా అంటారు; జేబులో అది లేకుండా బయటికి పోకూడదు. యజమానిని కఫీల్ అంటారు. పాస్‌పోర్టును అతని దగ్గర ఉంచుకోవడం యూఏఈ, సౌదీ, ఖతర్ చట్టాల ప్రకారం తప్పు అయినా ఆచారంగా కొనసాగుతోంది. కనుక పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, అకామాల ఫొటోలు సొంత ఫోన్‌లోనూ ఊళ్లోని ఒకరి ఫోన్‌లోనూ ఉండాలి. చెప్పిన జీతం రాలేదని కోపంతో పని వదిలి బయటపడినవాడిని కార్మికుల వాడుకలో ఖల్లివెల్లి అంటారు. సౌదీలో యజమాని అతడు పారిపోయాడని ‘హురూబ్’ నమోదు చేస్తే అకామా చెల్లదు, ఆసుపత్రి కష్టం, ఇంటికి రావడం ఇంకా కష్టం. కొత్త గదికి పరుగెత్తే ముందు కార్మిక శాఖకో భారత రాయబార కార్యాలయానికో వెళ్లడం ఆలస్యమయ్యే దారే అయినా తిరిగి ఇల్లు చేరే దారి. 2009లో ఏర్పాటైన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి ఆపదలో ఉన్నవారికి వసతి, న్యాయ సహాయం, టికెట్టు ఇచ్చే అధికారం రాయబార కార్యాలయాలకు ఉంది. ఊళ్లోని కుటుంబం మదద్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు ఐదు లక్షల రూపాయలు ఇవ్వాలని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వులు ఇచ్చింది. 2023 డిసెంబర్ 7 తర్వాతి మరణాలకు అది వర్తిస్తుంది.

డబ్బు లెక్క

రెండేళ్లు ఎందుకు చాలవో ఒక ఉదాహరణతో స్పష్టమవుతుంది. ఒక కార్మికుడు ఏజెంటుకు, టికెట్టుకు కలిపి లక్షన్నర అప్పు తెచ్చాడనీ, వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయలనీ అనుకుంటే, మొదటి నెల వడ్డీయే 3,000 రూపాయలు. దుబాయ్‌లో అతనికి 1,200 దిర్హమ్‌లు వస్తే, తిండికీ ఫోనుకూ 400 పోగా మిగిలిన 800 దిర్హమ్‌లు, దిర్హమ్‌కు 23 రూపాయల చొప్పున, 18,400 రూపాయలు అవుతాయి. అందులో ఇంటి ఖర్చుకు 8,400 పోయి నెలకు పదివేలు అప్పుకు కట్టినా అది తీరేసరికి పద్దెనిమిది నెలలు పడుతుంది. అంటే రెండేళ్ల ఒప్పందంలో తన కోసం సంపాదించుకునేది ఆరు నెలలే. అదే చట్టం అనుమతించిన గరిష్ఠ సేవారుసుము 30,000 రూపాయలు, దానిపై పద్దెనిమిది శాతం జీఎస్టీ కలిపి 35,400 మాత్రమే అప్పు అయితే నాలుగు నెలల్లో తీరిపోతుంది. మనిషి ఎంత పొదుపరి అయినా ఈ తేడాను గదిలో టీ మానేసి పూడ్చలేడు. బయలుదేరక ముందే తేలిపోయే లెక్క ఇది.

ఇంకో చిక్కు ఉంది. ఊళ్లో వడ్డీ వ్యాపారి చాలాసార్లు అసలు మొత్తం ఒకేసారి ఇస్తేనే తీసుకుంటాడు, నెలనెలా కట్టేది వడ్డీకే జమ చేస్తాడు. పైన చెప్పిన లెక్క నిలవాలంటే కట్టిన ప్రతి పైసా ముందు వడ్డీకి, మిగిలింది అసలుకు జమ అయ్యేలా నోటు మీద రాయించుకోవాలి. ఒప్పుకోకపోతే మహిళా సంఘం ద్వారానో బ్యాంకు ద్వారానో తక్కువ వడ్డీకి అప్పు తెచ్చి అతనిది తీర్చేయడం మంచిది.

పంపే డబ్బు హుండీ దారిలో కాక బ్యాంకు, లైసెన్సు ఉన్న ఎక్స్ఛేంజీల ద్వారానే పంపాలి. హుండీలో దిర్హమ్‌కు పది పైసలు ఎక్కువ రావచ్చు గానీ, మధ్యవర్తి మాయమైతే అడగడానికి కాగితం ఉండదు. విదేశాల్లో ఉన్నవారికి మన బ్యాంకులు ఇచ్చే ఎన్ఆర్ఈ ఖాతాలో వడ్డీకి ఆదాయపు పన్ను లేదు, డబ్బును తిరిగి విదేశానికి తీసుకుపోవచ్చు కూడా. దిర్హమ్, సౌదీ రియాల్ రెండూ అమెరికా డాలరుకు స్థిరమైన రేటుతో ముడిపడి ఉంటాయి కనుక డాలరుతో రూపాయి పడినప్పుడల్లా వాటి విలువ పెరుగుతుంది. అయినా రేటు కోసం ఎదురుచూస్తూ అప్పు వాయిదా ఆపడం నష్టం.

ఇంటితో మాట

యూఏఈ కాలం మనకంటే గంటన్నర వెనుక, సౌదీ, కువైట్, ఖతర్ కాలం రెండున్నర గంటల వెనుక. రాత్రి వంట ముగించి ఎనిమిదిన్నరకు ఫోన్ చేస్తే నెల్లికుదురులో పది గంటలు, సౌదీ నుంచి అయితే పదకొండు. పిల్లలు నిద్రలో ఉంటారు, భార్య అలసిపోయి ఉంటుంది, మాట అప్పుల దగ్గర మొదలై అప్పుల దగ్గరే ఆగుతుంది. యూఏఈలో నాలుగున్నరకు బస్సు కోసం నిలబడినప్పుడు ఊళ్లో ఆరు గంటలు. బడికి తయారయ్యే పిల్లలతో ఐదు నిమిషాల మాట రాత్రి గంటసేపు మాట కంటే విలువైనది. డబ్బు లెక్కలకు వారంలో ఒక సెలవు పూటను కేటాయించి, మిగతా రోజుల్లో వాటి ఊసు ఎత్తకుండా ఉండాలని దంపతులు ముందే అనుకోవాలి. యూఏఈలో వాట్సాప్ కాల్స్ పనిచేయవు, బోటిమ్ వంటి అనుమతి పొందిన యాప్ వాడాలి.

వరుసగా రెండు వారాలు నిద్ర పట్టకపోవడం, ఫోన్ ఎత్తబుద్ధి కాకపోవడం, తిండి సయించకపోవడం దిగులు ముదిరిందనడానికి గుర్తులు. గదిలో ఎవరైనా అలా కనిపిస్తే ఒంటరిగా వదలకూడదు. ఊళ్లో భార్యో తల్లో ఇలాగే కుంగిపోతే 14416 అనే మానసిక ఆరోగ్య సహాయ నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. వారపు సెలవును బట్టలు ఉతకడంతోనే ముగించకుండా నలుగురిలో గడపాలి. బతుకమ్మ, దసరా పండుగలను గల్ఫ్ నగరాల్లోని తెలంగాణ సంఘాలు జరుపుతాయి. దుబాయ్‌లో, అబుదాబిలో ఆలయాలున్నాయి. అక్కడ కలిసిన పరిచయమే రేపు ఆసుపత్రికి తోడు వచ్చే మనిషి.

తిరుగు ప్రయాణం

ఒప్పందం ముగియడానికి మూడు నెలల ముందే తిరుగు ప్రయాణపు పనులు మొదలుపెట్టాలి. ఉద్యోగాంతపు చెల్లింపు చట్టం ప్రకారం రావలసినదే. యూఏఈలో ఏడాది పూర్తయినవారికి తొలి ఐదేళ్లలో ఏడాదికి 21 రోజుల మూల వేతనం, సౌదీలో ఏడాదికి సగం నెల జీతం చొప్పున లెక్కిస్తారు, సౌదీలో రెండేళ్ల లోపే రాజీనామా చేస్తే అది రాదు. ఆ డబ్బు చేతికి రాకముందే ‘అన్నీ ముట్టాయి’ అన్న కాగితం మీద సంతకం పెట్టకూడదు. ఫోన్ బిల్లు, బ్యాంకు అప్పు బాకీ ఉంటే విమానాశ్రయంలో ఆపే అవకాశం ఉంది కనుక వాటిని తీర్చి రసీదులు ఉంచుకోవాలి. చేసిన పనికి అనుభవ ధ్రువపత్రం అడిగి తీసుకోవాలి. మేస్త్రీగా, వెల్డరుగా, ఎలక్ట్రీషియన్‌గా వరంగల్‌లోనో హైదరాబాద్‌లోనో పని దొరకడానికి అది పనికొస్తుంది. ఊరు చేరిన మొదటి పక్షం రోజుల్లో రక్తపోటు, చక్కెరతో పాటు మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష మహబూబాబాద్ ప్రభుత్వ ఆసుపత్రిలో చేయించుకొని, ఇక తిరిగి వెళ్లే ఉద్దేశం లేకపోతే బ్యాంకుకు తెలిపి ఎన్ఆర్ఈ ఖాతాను సాధారణ ఖాతాగా మార్పించుకోవాలి.